కొండ గోరు

ఆ రాళ్లు మొదట చంపింది బసవమ్మ మేకపోతును.

అందులో మేకపోతు తప్పేమీ లేదు. పైన రాయి కదిలిన చప్పుడు వినగానే అది బుద్ధిగా పక్కకు తప్పుకుంది. గద్దగూడు కొండ మీద పుట్టి పెరిగిన మేకకు రాయి ఎటు దొర్లుతుందో ఒకరు చెప్పాలా? వాలుకు తిన్నగా దొర్లుతుంది. అందుకే వాలు నడుమ నుంచి జరిగి, ఎర్రమట్టి గట్టు వారన నిలబడి, తుమ్మకాయను తాపీగా నములుతూ, రాయి పోయేదాకా చూద్దామన్నట్టు తలెత్తింది. రాయి తిన్నగా రాలేదు. సగం వాలు దిగి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఎడమకు తిరిగింది. గట్టు వారగా వచ్చి, మేకపోతును నేలలోకి తొక్కి, మళ్లీ కుడికి తిరిగి, ఏమీ ఎరగనట్టు తన దారిన తాను పోయి, కొండ కింద ఇసుక గుంటలో కూలబడింది.

ఎర్రజెండా పట్టుకుని గట్టు మీద నిలబడ్డ నాంచారి అంతా చూసింది. పచ్చి గుమ్మడికాయను బండకేసి కొట్టినట్టు ఒక చప్పుడు, అంతే. నిండు లారీ బరువున్న రాయి అది. మేకలో మేక మిగల్లేదు. కొమ్ములు మాత్రం రెండూ మట్టిలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

కింద యార్డులో కృపాకర్ సారు చేతులు రెండూ గాల్లోకి ఎత్తి కేకపెట్టాడు. "జానెడు! గురికి జానెడే తేడా, నాంచారీ!"

ఆయనకు మేక కనిపించలేదు. కనిపించి ఉంటే ఆ కేక పెట్టేవాడు కాదు. మనిషి చెడ్డవాడేం కాదు.

బసవమ్మ పైట జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చి, కొమ్ముల దగ్గర చతికిలబడింది.

"రాయి తిరగడమేందమ్మే? నాకు బుద్ధి తెలిసినాక రాయి తిరగడం చూళ్లా. అది నా మేకని చూసింది. చూసే వొచ్చింది."

"రాయికి కళ్లుంటాయా అవ్వా?"

"మీరు పెట్టారుగా ఆ షెడ్డులో! కళ్లు పెట్టి మామీదికి తోలారు."

నాంచారి జెండా చుట్టేసింది. ఒక రకంగా ముసలమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు.

*

గద్దగూడు కొండ కడుపునిండా నల్లరాయి. దాని కాళ్ల దగ్గర వడ్డెపాలెం. ఆ పాలెం కింద కూడా అదే రాయి ఉందని తెలిసిన నాటినుంచి కంపెనీ వాళ్లు ఇళ్లు ఖాళీ చేయమని అడుగుతూనే ఉన్నారు. పాలెం వాళ్లు వినిపించుకోనట్టు తలకాయ ఊపుతూనే ఉన్నారు. పైన కొట్టిన దిమ్మెలను కిందికి దించడానికి ఇంతకుముందు గొలుసులే దిక్కు. రాయి కింద పడి చచ్చినవాళ్ల కన్నా గొలుసు తెగి చచ్చినవాళ్లే ఎక్కువ ఆ కొండ మీద. నాంచారి అన్న సుబ్బరాయుడు అట్లాగే పోయాడు. తెగిన గొలుసు కొరడాలా వచ్చి నడుం దగ్గర కొట్టింది. కాళ్లు నిలబడ్డచోటనే ఉన్నాయి. మిగతా మనిషిని తల్లి తిరుపతమ్మ ఒళ్లో పెట్టుకుని, కాళ్లేవిరా, నా బిడ్డ కాళ్లేవిరా అని వచ్చినవాళ్లందరినీ అడిగింది.

ఊరి బడిలో లెక్కలంటే ఇష్టపడి, ఒంగోలులో అవే లెక్కలతో డిగ్రీ చేసిన నాంచారి, కొండ కింద కృపాకర్ షెడ్డు వేశాడని విని తానే వెళ్లి పని అడిగింది. "కదిలే రాయి మీద మనిషి చెయ్యి ఉండకూడదు. నా పనంతా అందుకే" అన్నాడాయన. ఆ ఒక్క మాటకు ఆమె ఆ షెడ్డుకు కట్టుబడిపోయింది. చెక్కిన రాయిని తడిమి కొలతలు సరిచూడడం ఆమె పని.

ఆయన కనిపెట్టింది చెప్పుకుంటే చిన్న సంగతే. బొంగరానికి తాడు చుడతాం, విసిరితే తాడు విడిపోతుంది. ఆయన రాయికి దారిని చుట్టేవాడు. ఏ వంపులో పోవాలో ముందు గీసుకుని, ఆ వంపు రాయి ఒంటికి చుట్టుకునేటట్టు ఏ పక్కన ఎంత తీసేయాలో లెక్క కట్టేవాడు. అట్లా చెక్కిన రాయిని నున్నటి వాలు మీద వదిలితే, పొర్లుపొర్లుకూ తనలో ఉన్న దారిని నేల మీద విప్పుకుంటూ పోతుంది. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, పాములాగా. పాలెం ఇళ్లను తప్పించుకుని ఇసుక గుంటకు చేరాలంటే పాము నడకే గతి. అందుకోసం కొండ వాలునంతా గరుసు పోసి, రోలరుతో తొక్కించి, అరుగులా అలికించారు.

షెడ్డులో వాలుగా పెట్టిన ఇసుక పళ్లెం మీద మట్టి ముద్దతో పాలెం పెద్దలకు చూపించిన రోజు నాంచారికి బాగా గుర్తు. ముద్ద దొర్లుతూ వచ్చి, దారిలో పెట్టిన టీ గ్లాసును తాకకుండా చుట్టి వెళ్లింది. క్వారీకి పెద్దమేస్త్రి, నాంచారికి మేనమామ అయిన అంకన్న ఆ ముద్దను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. గుండు కాదు, గుడ్డు కాదు, గుమ్మడికాయ కాదు. ఒక చెంప ఉబ్బి, ఒక చెంప లోపలికి పోయి ఉంది.

"పెళ్లిలో అలిగిన వియ్యపురాలి మూతి లాగుంది గదయ్యా సారూ" అన్నాడు. అందరూ నవ్వారు. కృపాకర్ కూడా నవ్వి, వెంటనే వేలు చూపించి చెప్పాడు.

"ఒక్కటే మాట మేస్త్రీ. మా లెక్క ప్రకారం చెక్కడం అయిపోయాక ఆ రాయికి ఉలి తగలకూడదు. గోరంత తేడా ఉన్నా ప్రతి పొర్లులోనూ అదే తప్పు మళ్లీ మళ్లీ చేస్తుంది. కిందికొచ్చేసరికి గోరంత కొండంత అవుతుంది."

బయటికి వచ్చాక అంకన్న మేనకోడల్ని పక్కకు పిలిచాడు.

"మరి గోరో?"

రాయి కొండ విడిచి పోయే ముందు దాని ఒంటినుంచి అరచేయంత పెచ్చు కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, రాయి లేచిన గుంటలోనే వదలడం వాళ్ల ఆచారం. దాన్ని కొండ గోరు అంటారు. బిడ్డను పంపిస్తూ తల్లి చేతిలో బిడ్డ ఆనవాలు ఏదో ఒకటి ఉంచాలి కదా, లేకపోతే ఆ తల్లి ఊరుకోదు, ఇంకో బిడ్డను తెచ్చుకుంటుంది అంటారు.

"ఈ రాళ్లకొద్దు మామా. సారు చెప్పాడుగా."

"నువ్వు చెప్పు ఆయనకి, మనకిట్టా ఉందని. ముందే గోరు తీసినాక లెక్క కట్టుకోమను. ఆయనకేం పోయె?"

సరే చెబుతానంది నాంచారి. చెప్పలేదు. షెడ్డులోకి వెళ్లి, తెల్లచొక్కా వేసుకుని లెక్కలు వేసుకుంటున్న మనిషి ముందు నిలబడి కూడా, కొండకు గోరు, పసుపు, కుంకుమ అనే మాటలు ఎత్తకుండా కొలతల కాగితం అందించి వచ్చేసింది. మా వాళ్లు ఇట్లాంటివి నమ్ముతారని చెప్పడానికి సిగ్గేసింది. ఏముందిలే, నాలుగు రాళ్లు దిగితే వాళ్లే మర్చిపోతారనుకుంది.

*

మేక పోయాక పాలెంలో ఎవరూ ఏదీ మర్చిపోలేదు.

"గోరియ్యలా. అందుకే మేకని తీసుకుంది" అన్నారు బోరింగు దగ్గర ఆడవాళ్లు. "ఇయ్యాల మేక. రేపు మడిసి."

నాంచారి బిందె నింపుకుంటూ విన్నది. ఆ మాటల వెనక భయమే చూసింది గానీ, ఆ భయం ఉలి పట్టుకుని కొండెక్కుతుందని చూడలేకపోయింది.

రెండో రాయిని వదిలిన రోజు ఉదయం యార్డు నిండా మనుషులే. కంపెనీ మేనేజరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఇసుక గుంటకు కుడివైపు, ఎవరికీ ప్రమాదం లేదని కృపాకర్ సున్నంతో గీసిన గీతకు అవతల, క్రేను దగ్గర డ్రైవరు మస్తాను, కూలీ పోలయ్య బీడీ పంచుకుంటున్నారు.

రాయి మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో మలుపులో ఎడమకు తిరగాల్సింది కొంచెం ఆలస్యంగా తిరిగింది. నాంచారి జెండా ఎత్తింది. మూడో మలుపుకు వచ్చేసరికి రాయి కుడికి ఒరిగిన మనిషిలా ఒరుగుతూనే ఉంది.

"పోలయ్య మామా! జరగండి! జరగండి!"

పోలయ్య తలెత్తి చూశాడు. రాయి ఇసుక గుంట వైపు పోతున్నట్టే కనిపించింది. చెయ్యి ఊపి నవ్వాడు కూడా. ఆ చెయ్యి అట్లా పైకి ఉండగానే రాయి ఆఖరి పొర్లు పొర్లి సున్నం గీత దాటింది. క్రేను అగ్గిపెట్టెలా నలిగింది. మస్తాను క్రేనుకూ రాయికీ మధ్య ఉండిపోయాడు; ఇనుమేదో మనిషేదో విడదీయడానికి తర్వాత గ్యాసు కట్టరు తేవాల్సి వచ్చింది. పోలయ్య ఛాతీ దాకా రాయి కింద ఉన్నాడు. బతికే ఉన్నాడు. తమ్ముడు మాలకొండయ్య వచ్చి తల ఒళ్లోకి తీసుకునేదాకా బతికి, "బరువుగా ఉందిరా" అని, నోట్లోంచి రక్తం కక్కుకుని పోయాడు.

తర్వాత జరిగింది ఎవరు మొదలుపెట్టారో ఎవరూ చెప్పలేరు. మొదట ఎవరో విసిరిన రాయి మేనేజరు కుర్చీకి తగిలింది. ఆయన జీపెక్కి పోయాడు. షెడ్డు అద్దాలు పగిలాయి. ఇసుక పళ్లేలు విసిరికొట్టారు. కృపాకర్ "నా మాట వినండి, ఎక్కడో కొలత తప్పింది, నన్ను చూడనివ్వండి" అంటూ రెండు చేతులూ చాపి ఎదురొస్తే, ఎవరిదో పార కర్ర ఆయన నెత్తి మీద దిగింది. తెల్లచొక్కా ఎర్రబడింది. ఆయన పాకుతూ లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. గడియ పెట్టుకునే ముందు నాంచారిని చూసి ఒక మాటన్నాడు:

"కొలతలు నువ్వే చూశావు కదా, నాంచారీ?"

ఆ మాట పార కర్ర కన్నా గట్టిగా తగిలింది ఆమెకు.

*

శవాలను పాలెంలోకి మోసుకుపోయారు. ఏడుపులు ఒక్కసారిగా లేచాయి. నాంచారి మాత్రం యార్డులోనే ఉండిపోయింది. బకెట్టుతో నీళ్లు తెచ్చి రాయి మీద పోసింది. రక్తం కరిగి ఇసుకలోకి ఇంకింది. కళ్లు మూసుకుని రాయి ఒళ్లంతా అరచేతులతో తడిమింది. ఈ రాయిని ఆమె చేతులు కొన్ని వందల సార్లు తడిమి ఉంటాయి. ఎక్కడ ఉబ్బు, ఎక్కడ లోతు అనేది నిద్రలో అడిగినా చెబుతుంది.

కుడి చెంప మీద చెయ్యి ఆగింది. అక్కడ అరచేయంత మేర రాయి పచ్చిగా, పదునుగా ఉంది. నునుపు లేదు.

బకెట్టు అక్కడే వదిలేసింది. ఎవరికీ చెప్పకుండా కొండెక్కింది. ఆ రాయి లేచిన గుంటలో, ఒక మూలన, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టిన నల్లటి పెచ్చు పడుకుని ఉంది. పక్కన కొబ్బరి చిప్ప. అగరొత్తి పుల్ల.

పెచ్చు చేతిలోకి తీసుకుంది. గుంటలో వదిలిన గోరును మనిషి మళ్లీ ముట్టుకోకూడదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ముట్టుకుంది.

మరి మిగతా రాళ్లు? శిఖరం మీద తుమ్మ దుంగలు అడ్డం పెట్టి, దించడానికి తయారుగా నిలబెట్టినవి మూడున్నాయి. పైనుంచి మనుషుల అరుపులు వినిపించాయి. ఆమె పరుగెత్తింది.

శిఖరం మీద పాతికమంది దాకా ఉన్నారు. ముందున్న రాయి ఎడమ చెంప మీద కూడా అరచేయంత పచ్చి చోటు కనిపించింది. ఆ రాయి దగ్గర మాలకొండయ్య సమ్మెట పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా లేదు; అన్న రక్తం ఛాతీ మీద ఎండి నల్లబడింది. పక్కనే అంకన్న, గునపం ఊతంగా పెట్టుకుని.

అక్కడినుంచి చూస్తే షెడ్డు రేకులు వాలుకు సరిగ్గా తిన్నగా కింద మెరుస్తున్నాయి. ఎడమ పక్కన పాలెం. పోలయ్య ఇంటి ముందు వీధి నిండా తెల్లగా, పచ్చగా, ఎర్రగా ఆడవాళ్ల చీరలు. ఏడుపు కొండమీదికి వినిపిస్తోంది.

"ఆగండి! ఏం చేస్తన్నారు?"

"కనపళ్లా?" అన్నాడు మాలకొండయ్య. "ఆ బొంగరాల సారుకి బొంగరం పంపిస్తన్నాం. ఆయన రాయి ఆయనకే."

"అది ఆయన మీదికి పోదు మాలకొండా. మనోళ్ల మీదికి పోద్ది!"

"చూశారా? ఆయన కూడు తిన్నదిగా, ఆయన మాటే మాట్లాడుద్ది" అన్నారెవరో. ఎవరో ఆమె జబ్బ పట్టి లాగారు. ఆమె విదిలించుకుంటే చెంప మీద దెబ్బ పడింది. పెదవి చిట్లింది. ఆ రక్తం తుడుచుకోకుండానే మేనమామ దగ్గరికి వెళ్లి, పిడికిలి విప్పి పెచ్చు చూపించింది.

అంకన్న ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. "గోరు తీసుకొచ్చావేందే? నీకేమన్నా పిచ్చా?"

"ఇది నువ్వేగా కొట్టింది?"

"నేనే. ఇయ్యకపోతే మేకని తీసుకుందిగా? అందుకే నిన్న రాత్రి అన్నిటికీ ఇచ్చేశా, నాలుగింటికీ. ఇచ్చినా పోలయ్యని తీసుకుందంటే అది కొండ తప్పు గాదు, ఆ షెడ్డు తప్పే."

"మామా, యార్డు రాయికి గోరు ఏ చెంపన కొట్టావు?"

"ఏ చెంపనైతే ఏందే? చెయ్యందిన చోట కొట్టా. కుడి పక్కన."

"అది కుడికే ఒరిగింది. సున్నం గీత దాటి కుడికే పోయింది. నీ కళ్లతో చూశావుగా. దీనికి ఏ చెంపన కొట్టావు?"

అంకన్న తల తిప్పి రాయి కేసి చూశాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని రాయి ఎడమ చెంప మీద, పచ్చిగా ఉన్న చోట పెట్టింది. ఆ చేతికి రాయి భాష తెలుసు. యాభై ఏళ్లుగా అదే భాష మాట్లాడిన చెయ్యి. అది అక్కడే ఆగిపోయింది. అంకన్న కళ్లు మెల్లగా ఎడమకు, కిందికి, పాలెం వీధిలోకి తిరిగాయి.

"ఒరే మాలకొండా... ఆగరా" అన్నాడు.

సమ్మెట అప్పటికే గాల్లో ఉంది. దుంగ ఎగిరిపోయింది.

*

రాయి వెంటనే పోలేదు. మంచం మీదినుంచి లేవబోతున్న ముసలిదానిలా ముందుకు ఒంగి, ఆగి, మళ్లీ ఒంగి, పొర్లింది. ఆ రాళ్ల తీరే అంత. మొదటి పొర్లులన్నీ నెమ్మది. ఉబ్బు చెంప మీదికి ఎక్కేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టు ఒక క్షణం ఆగుతుంది, తర్వాత దిగుతుంది.

ఒక పొర్లు. కుడికి తిరగాల్సింది పూర్తిగా తిరగలేదు.

"షెడ్డుకే! షెడ్డుకే!" అని అరిచారు.

రెండో పొర్లు. రాయి ఎడమ చెంప మీద పడి, పచ్చి చోటికి వచ్చేసరికి ఒక అడుగు పాలెం వైపు జారింది. అరుపులు ఆగిపోయాయి. చేతిలో సమ్మెటతో మాలకొండయ్య నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. వాళ్ల వదిన, వాళ్లమ్మ, పిల్లలు అందరూ ఆ వీధిలోనే ఉన్నారు. ఏడుపుల మధ్య కొండమీది కేకలు అక్కడికి ఏం వినిపిస్తాయి?

అంకన్న గునపం భుజాన వేసుకుని వాలు మీదికి ఉరికాడు. ఆ వయసులో అట్లా పరుగెత్తగలడని ఎవరూ అనుకోలేదు. నున్నగా అలికిన వాలు మీద పాదాలు జారుతుంటే కూర్చుని, దేక్కుంటూ, లేచి, మళ్లీ ఉరుకుతూ రాయిని అందుకున్నాడు. నాంచారి వెనకే ఉంది.

"యాడ పెట్టనే?" అని అరిచాడు, వెనక్కి చూడకుండా.

ఆమెకు లెక్క వేయడానికి వ్యవధి లేదు. కానీ చేతిలో పెచ్చు ఉంది. అది యార్డు రాయిది, కానీ ఈ రాయి ఒంట్లోంచి పోయింది కూడా అంతే. పోయిన చోట మళ్లీ ఏదో ఒకటి నిలబడాలి, అంతే.

"గోరు తీసిన చోటే మామా! అది కిందికొచ్చి రాయి ఆగుద్ది చూడు, అప్పుడు! అప్పుడే దాని కింద!"

రాయి ఉబ్బు చెంప మీదికి ఎక్కింది. ఆగింది. అంకన్న కుడి మోకాలు నేలకు ఆనించి, యాభై ఏళ్లు ఎన్ని వేల దిమ్మెల కింద పెట్టాడో ఆ తీరునే, గునపం మొన పచ్చి చోటు కిందికి దూర్చి, రెండో కొనను భుజం మీదికి తీసుకున్నాడు. రాయి దిగింది. గునపం మీదికి ఎక్కింది. జానెడు పైకి లేచి, ఆలోచిస్తున్నట్టు గాల్లో ఊగి, కుడికి ఒరిగింది.

"వొదిలెయ్ మామా! వొచ్చెయ్!"

వదలడానికి వీల్లేదు. వదిలితే రాయి మళ్లీ ఎడమకే కూర్చుంటుంది. అది ఆమెకు తెలుసు. ఆమె కన్నా ముందు అంకన్నకు తెలుసు. గునపం విల్లులా వంగింది. భుజం ఎముక విరిగిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది. మనిషి అరవలేదు. రాయి కుడికి తిరుగుతూ గునపాన్నీ, గునపంతోపాటు అంకన్ననూ తన కిందికి లాక్కుంది. అతని మీదుగా పొర్లి, అవతల పడి, వేగం అందుకుని, దుమ్ము లేపుకుంటూ పోయింది. పాలెం చివరన తిరుపతమ్మ ఇంటి వెనక గోడను, కోళ్ల గూటిని తీసుకుని, వీధిని తాకకుండా వాగులోకి దూకింది.

వీధిలో ఏడుపులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత, ఏం జరిగిందో తెలియక, మళ్లీ పోలయ్య కోసమే మొదలయ్యాయి.

వాలు మీద గరుసు ఎర్రగా తడిసి ఉంది. నాంచారి మేనమామ పక్కన కూర్చుంది. అన్న చచ్చినప్పుడు తల్లి కాళ్లేవిరా అని అడిగింది. ఇక్కడ అడగడానికి కూడా ఏమీ మిగల్లేదు. రాయి నొక్కిన నేలలో గునపం ఆకారం, దాని పక్కన అరచెయ్యి ఆకారం, రెండూ అచ్చు గుద్దినట్టు పడి ఉన్నాయి.

*

మూడు శవాలనూ పూడ్చిన మర్నాడు కృపాకర్ వచ్చాడు. నెత్తికి కట్టు, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. వెంట మేనేజరు, ఇద్దరు పోలీసులు. తిరుపతమ్మ ఇంటి కూలిన గోడ పక్కనే నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"నిన్ను అనుమానించాను. తప్పు నాది" అన్నాడు నాంచారితో. పైపైకి అన్న మాట కాదు. "మీ మామయ్య ఎంతమందిని కాపాడాడో చూశావుగా. ఆయన చేసింది వృథా పోకూడదమ్మా."

ఆమె తలెత్తింది.

"నేను ఆరేళ్లుగా కొట్టుకుంటున్నది దానికోసమే. దొర్లుతున్న రాయి దారిని మధ్యలో మార్చడం! ఆయన ఒక్క గునపంతో చేసి చూపించాడు. పెచ్చు తీస్తే ఎటు ఒరుగుతుందో, తిరిగి నింపితే ఎంత తిరుగుతుందో... ఆ పెచ్చు నీ దగ్గరే ఉందట కదా. అది ఇవ్వు, కొలుస్తాను. గునపం ఎక్కడ పెట్టాడో వాలు మీద అచ్చు ఇంకా ఉంది, నువ్వు పక్కనే ఉన్నావు. ఇవి రెండూ ఉంటే చాలు. ఇకమీదట ఎవరూ చావరు. ఏ రాయినైనా మనం అనుకున్న చోటికి పంపించొచ్చు."

"ఎక్కడికైనానా?" అన్నాడు మేనేజరు.

ఆ మాట మామూలుగానే అన్నాడు. అంటూ ఒకసారి కొండ వైపు చూశాడు. తర్వాత కూలిన గోడను, దాని పక్క ఇంటిని, ఆ పక్క ఇంటిని, వీధి చివరిదాకా ఒక్కొక్కటిగా చూశాడు. ఖాళీ చేయమని అన్నాళ్లుగా అడుగుతున్న ఇళ్లు. కొండ రాళ్లు దొర్లిపడితే ఎవరిని ఏమని అడుగుతారు?

కృపాకర్ ఆ చూపు చూడలేదు. ఆరోజు మేకనూ చూడలేదు. నాంచారి చూసింది.

కొంగు ముడిలో ఉన్న పెచ్చు తొడకు చల్లగా తగులుతోంది. తీసి అరచేతిలో పెట్టుకుంది. పసుపు ఇంకా అక్కడక్కడా అంటుకుని ఉంది. కృపాకర్ చెయ్యి చాచాడు.

"ఇది ఇచ్చేది కాదు సార్" అంది.

"ఏమిటీ?"

"ఇది కొండ గోరు. రాయి పోయేటప్పుడు కొండకు వదిలిపెడతాం. మాలో అట్లా ఆచారం ఉంది." ఈసారి చెప్పడానికి సిగ్గేయలేదు. "ఈ మాట మీకు మొదటిరోజే చెప్పాల్సింది. చెప్పి ఉంటే మీరు లెక్కలో వేసుకునేవాళ్లు."

"అవును, వేసుకునేవాణ్ణి. తప్పకుండా వేసుకునేవాణ్ణి. అందుకే ఇప్పుడైనా..."

"ఇప్పుడొద్దు సార్."

ఆమె పిడికిలి మూసుకుని కొండ వైపు నడిచింది. మేనేజరు పోలీసుల వైపు చూశాడు. పోలీసులు వాలు వైపు చూశారు.

వాలు మీద పాలెమంతా ఉంది. మొగవాళ్లు, ఆడవాళ్లు, తలగుడ్డలు చుట్టుకున్న ముసలివాళ్లు. బావులు తవ్వి, చెరువు కట్టలు పోసి బతికిన జనం. మట్టిని ఎట్లా లేపాలో ఒకరు నేర్పాలా? అందరికన్నా ముందు, అందరికన్నా పైన మాలకొండయ్య ఉన్నాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. గడ్డపార ఎత్తి దించుతున్నాడు, ఎత్తి దించుతున్నాడు. అరచేతులు చిట్లి పట్టుకున్న చోటంతా ఎర్రబడింది. రోలరుతో తొక్కించిన గరుసు పెళ్లలు పెళ్లలుగా లేస్తోంది. అడ్డంగా కాలవ, కాలవ పక్కన గట్టు, మళ్లీ కాలవ. మేస్త్రి అరచెయ్యి అచ్చు పడిన చోట మాత్రం ఎవరూ పార వేయలేదు. నాంచారి వచ్చేదాకా ఆగారు.

ఆమె పైన ఆ రాయి లేచిన గుంటలోకి దిగి పెచ్చును పెట్టాల్సిన చోట పెట్టి వచ్చింది. వచ్చి, ఆ అచ్చును కాసేపు చూసి, మొదటి పార తానే వేసింది.

పొద్దు వాలేసరికి ఆ వాలు మీద గోలీకాయ వేసినా దొర్లే చోటు లేకుండా పోయింది.

శిఖరం మీద మిగిలిన రెండు రాళ్లూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, దారి కడుపులో పెట్టుకుని. ఎండ వేళ బసవమ్మ మేకలు వాటి నీడలోకి పోతాయి. ముందుగా ఒకటి దగ్గరికి వెళ్లి, మెడ చాచి, రాయి చెంపను వాసన చూస్తుంది. అది కదలదని తేల్చుకున్నాకే మిగతావి వచ్చి పడుకుంటాయి.